సీ భాష ఇచ్చే చనువు

మిర్చి ధర పడిపోయిన 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ ధరకు మూడు క్వింటాళ్లు అమ్మితే ఎంత వస్తుందో చెప్పే ప్రోగ్రాం సీ భాషలో రాయడానికి నాలుగైదు లైన్లు చాలు. ధర ఒక ఇంట్ (పూర్ణసంఖ్య), క్వింటాళ్లు ఒక ఇంట్, రెండూ గుణించగా వచ్చే మొత్తం ఇంకో ఇంట్. గుంటూరు చుట్టుపక్కల కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి వాడిన టర్బో సీలో దీన్ని నడిపితే తెర మీద మైనస్ 30,193 అని వస్తుంది. సరుకు అమ్మిన రైతే ఎదురు ముప్పై వేలు కట్టాలన్నమాట. కంపైలర్ ఎర్రర్ చూపించదు. ప్రోగ్రాం మధ్యలో ఆగదు. తప్పు జవాబు, ఒప్పు జవాబంత దర్జాగా తెర మీదికి వస్తుంది.

టర్బో సీలో ఇంట్ అంటే రెండు బైట్లు, అంటే 16 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. మన జవాబు 35,343. పట్టని లెక్క అవతలి కొసన ఉన్న మైనస్ సంఖ్యల్లోకి జారిపోయింది. 35,343లోంచి 65,536 తీసేసి చూడండి, తెర మీది అంకె వస్తుంది. ఇదే ప్రోగ్రాం ఈనాటి జీసీసీ కంపైలర్‌లో నడిపితే ఇంట్‌కు నాలుగు బైట్లు కాబట్టి సరైన జవాబే వస్తుంది. అంతమాత్రాన తప్పు పోలేదు, హద్దు కాస్త దూరం జరిగింది. నాలుగు బైట్ల ఇంట్ 214 కోట్ల 74 లక్షల దాకా మోస్తుంది. సీజన్లో గుంటూరు మిర్చి యార్డుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వచ్చే రోజులుంటాయి. రోజుకు లక్ష టిక్కీలు, టిక్కీకి 40 కిలోలు, అదే 11,781 ధర అనుకుంటే రోజు వ్యాపారం 47 కోట్ల పైచిలుకు. ఏ రోజుకారోజు రూపాయల్లో కలుపుకుంటూ పోతే ఐదో రోజుకు మొత్తం మైనస్ 193 కోట్లయి కూర్చుంటుంది.

పైగా ఇలా జారిపోవడం కూడా గ్యారంటీ కాదు. ఇంట్‌లో పట్టని లెక్క వస్తే ఏం జరగాలో సీ ప్రమాణం నిర్వచించనే లేదు. అలాంటి లెక్క ఎప్పటికీ రాదని నమ్మి కోడును కుదించే స్వేచ్ఛ కంపైలర్‌కు ఉంది. రెండు పాజిటివ్ సంఖ్యలు కలిపితే మొత్తం తగ్గిందేమో చూసుకుందామని మనం జాగ్రత్తగా ఒక పరీక్ష రాస్తాం. వేగం కోసం ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తే, ఎలాగూ తగ్గదు కదా అని కంపైలర్ ఆ పరీక్షనే తీసిపారేయవచ్చు. కాపలా పెట్టామని మనం అనుకుంటాం, నడిచే ప్రోగ్రాంలో ఆ కాపలా ఉండదు.

సీ ఎందుకింత ఉదాసీనంగా ఉంటుందో తెలియాలంటే దాని పుట్టుక చూడాలి. 1967లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ అనే భాష తయారుచేశాడు. దాన్ని కుదించి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బీ భాష చేశాడు. ఈ రెండింటిలో టైపులే లేవు. ఉన్నదల్లా మెషిన్ వర్డ్ ఒక్కటే. కలిపితే అది సంఖ్య, వెంట పట్టుకుని మెమరీలోకి వెళితే అది అడ్రసు. థాంప్సన్ మొదట వాడిన పీడీపీ-7 యంత్రంలో వర్డుకు 18 బిట్లు, దాని మీద ఆ పద్ధతి చక్కగా నడిచింది. తర్వాత వచ్చిన పీడీపీ-11లో ఒక్కో బైటుకూ వేరే అడ్రసు. అక్షరం ఒక బైటు, పూర్ణసంఖ్య రెండు బైట్లు. ఏది ఎంత చోటు తీసుకుంటుందో భాషకు తెలియకపోతే పని జరగదు. అందుకని 1971, 1973 మధ్య డెన్నిస్ రిచీ బీ భాషకు చార్, ఇంట్ లాంటి టైపులు చేర్చి, తర్వాత స్ట్రక్చర్లు కలిపి సీని రూపొందించాడు. 1973లో యూనిక్స్ కెర్నెల్‌నే ఈ భాషలో తిరగరాశారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. సీలో టైపులు పుట్టింది ప్రోగ్రామర్ తప్పులు పట్టడానికి కాదు. ఈ అడ్రసు దగ్గర ఎన్ని బైట్లు తీయాలి, వాటిని ఎలా చదవాలి అని యంత్రానికి చెప్పడానికి. సీలో టైపు పోలీసు కాదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పకుండా పిల్లలకు ఇంట్, ఫ్లోట్, చార్ అని పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తే, టైపు రాశాం కాబట్టి భాషే కాచుకుంటుందిలే అన్న ధీమా వస్తుంది. నష్టమంతా ఆ ధీమాతోనే.

ఈ చనువు వల్ల కలిగిన మేలు కూడా తక్కువది కాదు. దాదాపు అదే కాలంలో, 1970లో, నిక్లాస్ విర్త్ పాస్కల్ భాషను ప్రకటించాడు. క్రమశిక్షణకు పెట్టింది పేరు. దాని మొదటి రూపంలో యారే సైజు కూడా టైపులో భాగమే. పది సంఖ్యల జాబితాకు రాసిన ప్రొసీజర్ ఇరవై సంఖ్యల జాబితాకు పనికిరాదు, రెండో ప్రొసీజర్ రాసుకోవాల్సిందే. పాస్కల్ నాకెందుకు నచ్చదో చెబుతానంటూ 1981లో బ్రయాన్ కెర్నిగాన్ ఒక వ్యాసమే రాశాడు. అందులోని ప్రధాన ఫిర్యాదుల్లో ఇదొకటి. నిజమైన పనులకు ఆ కట్టుబాటు ఉరితాడయింది.

సీ ఈ చిక్కును ఎలా విప్పిందో చూడాలంటే క్యూసార్ట్ అనే లైబ్రరీ ఫంక్షన్ ఒక్కటి చాలు. దానికి నాలుగు ఇస్తాం: సరుకు మొదలయ్యే అడ్రసు, మొత్తం ఎన్ని శాల్తీలు, ఒక్కో శాల్తీ ఎన్ని బైట్లు, ఏ రెండిట్లో ఏది ముందో చెప్పే మన సొంత ఫంక్షన్. వచ్చింది తేజ రకం మిర్చి లాట్ల ధరలో, విద్యార్థుల రోల్ నంబర్లో, పొలాల సర్వే నంబర్లో క్యూసార్ట్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అడ్రసు దానికి వాయిడ్ పాయింటర్‌గా అందుతుంది. యార్డులో చీటీ ఊడిపోయిన టిక్కీ ఎలాంటిదో వాయిడ్ పాయింటర్ అలాంటిది. లోపల సరుకు ఉంది, ఎక్కడుందో తెలుసు, ఏ రకమో మాత్రం దాని మీద రాసి లేదు. పోల్చే ఫంక్షన్‌లోకి వచ్చాక మనం ఆ పాయింటర్‌ను మళ్లీ మన స్ట్రక్చర్ పాయింటర్‌గా మార్చుకుంటాం. ఒక్క ఫంక్షన్, కొన్ని పదుల లైన్ల కోడు, లోకంలోని సరుకంతా వరుస పెట్టగలదు.

ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. ధరల స్ట్రక్చర్‌కు రాసిన పోలిక ఫంక్షన్‌ను పొరపాటున రైతుల జాబితాకు ఇస్తే కంపైలర్ కిక్కురుమనదు. క్యూసార్ట్ పేరులోని అక్షరాలను ధర అనుకుని చదివి వరుస పెట్టేస్తుంది. వరుస తప్పని చూసేవాడు కనిపెడితే అదృష్టమే. చీటీ తీసేది మనమే, తిరిగి అంటించేదీ మనమే. మధ్యలో సాక్షి ఉండడు.

ఈ స్వేచ్ఛ మీద కట్టిన కట్టడాలు చూస్తే దాన్ని కొట్టిపారేయడానికి నోరు రాదు. లినక్స్ కెర్నెల్ అత్యధిక భాగం సీయే. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉండే ఎస్క్యూలైట్ డేటాబేస్ సీయే. టైపుల గొడవ లేదని మన పిల్లలు ఇష్టపడే పైథాన్ కూడా ప్రధానంగా సీలో రాసిందే. పైథాన్‌లో సంఖ్య అయినా, స్ట్రింగ్ అయినా, లిస్ట్ అయినా లోపల ఒక సీ స్ట్రక్చరే. అన్నింటికీ తల భాగం ఒక్క తీరుగా ఉంటుంది. ఆ తల చూసి ఇదేమిటో తేల్చుకుని, ఆ పాయింటర్‌ను అసలు రూపానికి కాస్ట్ చేసి పని జరిపిస్తారు. పైథాన్‌లోని సుఖమంతా సీ ఇచ్చిన చనువు మీదే నిలబడింది.

ఇంకా సాహసం కావాలంటే 1999లో వచ్చిన క్వేక్ త్రీ వీడియో గేమ్ ఉంది. వర్గమూలానికి విలోమం త్వరగా లెక్కించడానికి అందులో ఒక ఫ్లోట్ సంఖ్య బైట్లను ఉన్నపళంగా పూర్ణసంఖ్యగా చదివి, ఒక బిట్ పక్కకు జరిపి, ఒక వింత సంఖ్యలోంచి తీసేసి, ఫలితాన్ని మళ్లీ ఫ్లోట్‌గా చదువుతారు. జవాబు దాదాపు సరిగ్గా వచ్చి కూర్చుంటుంది, ఆపైన ఒక్క సవరణ చాలు. అద్భుతమే. కాకపోతే అక్కడ చేసినట్టు పాయింటర్‌ను కాస్ట్ చేసి చదవడం సీ ప్రమాణం ఒప్పుకోని పని. అదే పని మెమ్‌కాపీతో బైట్లు నకలు చేసుకుని చేస్తే ఏ అభ్యంతరమూ లేదు, మంచి కంపైలర్ దాన్ని కూడా అంతే వేగంగా నడిపిస్తుంది. స్వేచ్ఛను వదులుకోకుండానే నియమంలో ఉండే దారి ఇలా చాలాచోట్ల ఉంది. పాఠాల్లో అది చెప్పేవాళ్లు తక్కువ.

తెలుగులో కంప్యూటర్ పని చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది చార్ దగ్గర. గుంటూరు అని యూనికోడ్‌లో రాసి స్ట్రింగ్ పొడవు చెప్పే స్ట్రెలెన్‌ను అడగండి, 21 అంటుంది. మన చెవికి గుం, టూ, రు మూడే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గ, ఉకారం, సున్న, ట, ఊకారం, ర, ఉకారం కలిపి ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడుకు మూడు బైట్లు, అందుకే 21. సీలో చార్ అంటే అక్షరం కాదు, బైటు. ఇంగ్లిషు వరకు ఆ రెండూ ఒకటే కావడం యాదృచ్ఛికం. పుస్తకాలు ఆ యాదృచ్ఛికాన్నే నియమంగా నేర్పాయి. పేరుకు ఇరవై చార్లు చాలనుకుని యారే పెట్టుకుంటే గుంటూరు అన్న ఊరి పేరే పట్టదు. చివర వచ్చే సున్నా బైటుతో కలిపి 22 కావాలి. స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ ఇదేమీ చూడదు, మిగిలిన బైట్లను పక్కనున్న వేరియబుల్ మీద పోసేస్తుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. గ అక్షరం మూడు బైట్లు 224, 176, 151. చార్‌లో మైనస్ సంఖ్యలు ఉంటాయా ఉండవా అన్నది సీ ప్రమాణం తేల్చలేదు, యంత్రానికి వదిలేసింది. ఇంటెల్ చిప్ ఉన్న డెస్క్‌టాప్‌లో సాధారణంగా ఉంటాయి, కాబట్టి 224 అక్కడ మైనస్ 32 అవుతుంది. ఆర్మ్ చిప్ ఉన్న లినక్స్ యంత్రంలో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉండవు, కాబట్టి 224గానే ఉంటుంది. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడానికి 256 గడుల పట్టిక పెట్టుకుని ఆ బైటునే గడి సంఖ్యగా వాడితే ఫోన్లో చక్కగా పనిచేస్తుంది. డెస్క్‌టాప్‌లో పట్టికకు ముందు 32వ గడిలో, అంటే మనది కాని చోట, రాస్తుంది. ఇంగ్లిషు అక్షరాల బైట్లన్నీ 127 లోపే కాబట్టి ఇంగ్లిషుతో పరీక్షించినవాడికి ఈ తప్పు జన్మలో దొరకదు. తెలుగు ఇచ్చిన రోజే బయటపడుతుంది. అన్‌సైన్డ్ చార్ అని ఒక్క మాట చేరిస్తే పోతుంది. ఆ ఒక్క మాట ఎందుకు కావాలో తెలియడానికి మాత్రం మెమరీ మొత్తం కళ్లకు కట్టాలి.

బైట్ల దగ్గర తప్పితే ఎంత పెద్దవాళ్లయినా తప్పించుకోలేరనడానికి సాక్ష్యం మన అక్షరమే. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న సంయుక్తాక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే కోడుతో కలిసి మెసేజీలో వస్తే ఐఫోన్లలో ఆప్‌లు కూలిపోయాయి. నోటిఫికేషన్లో వస్తే హోం స్క్రీనే కూలేది. ప్రపంచమంతా వార్తయింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. కోర్ టెక్స్ట్ అనే లైబ్రరీలో మెమరీ చెడిపోవడమే కారణమని, లోపలికి వచ్చే స్ట్రింగ్‌ను తనిఖీ చేయడం మెరుగుపరిచామని చెప్పింది. కోర్ టెక్స్ట్ సీ నుంచి పిలిచే లైబ్రరీ. ఒత్తులు, గుణింతాలు, సున్నలు కలిసి ఆకారం మారే మన లిపిని తెర మీద కూర్చడం నిజంగా కష్టమైన పని. బైట్ల వరుస పొడవు ఎంతో, హద్దు ఎక్కడో తనంతట తాను గుర్తుపెట్టుకోని భాషా కుటుంబంలో ఆ పని ఇంకా కష్టం.

అందరికీ కనిపించే ఇలాంటి కూలుడు కంటే కనిపించకుండా జరిగే మార్పిడులే నన్ను ఎక్కువ భయపెడతాయి. భారత పత్తి సంస్థ, అదే సీసీఐ, తేమ 12 శాతం దాటిన పత్తి కొనదు. ఒక రైతు పత్తిలో రెండు చోట్ల తేమ చూస్తే ఒకచోట 12, ఇంకోచోట 13 వచ్చిందనుకుందాం. సగటు పన్నెండున్నర, కొనకూడదు. సీలో రెండు ఇంట్‌లు కూడి రెండుతో భాగిస్తే జవాబు 12, కొనేయవచ్చు. సగటును దాచుకునే వేరియబుల్‌ను ఫ్లోట్ అని ప్రకటించామే అని విద్యార్థి వాదిస్తాడు. భాగహారం జరిగేటప్పుడు అటూ ఇటూ ఇంట్‌లే కాబట్టి అర శాతం అక్కడే రాలిపోయింది. తర్వాత 12ను 12.0గా మార్చి ఫ్లోట్‌లో పెట్టారు. రెండుకు బదులు 2.0 అని రాస్తే సరిపోయేది. ఒక చుక్క, ఒక సున్నా. అవి లేకపోతే ఒక చోట కొనకూడని సరుకు కొంటారు, కనీస హద్దు ఉన్న మరో చోట కొనాల్సిన సరుకు వెనక్కి పోతుంది.

కోల్డ్ స్టోరేజీ లెక్క ఇంకో రకం. టిక్కీలు మైనస్‌లో ఉండవు కదా అని అన్‌సైన్డ్ ఇంట్ వాడతాం. ఆలోచన బాగానే ఉంది. లోపల ఐదు ఉన్నప్పుడు ఎవరో పొరపాటున ఏడు బయటికి వెళ్లాయని నమోదు చేస్తే మిగిలినవి 429 కోట్ల 49 లక్షల 67 వేల 294 అని చూపిస్తుంది. మిగిలినవి సున్నా కంటే తక్కువేమో చూద్దామని పెట్టిన షరతు ఎన్నటికీ నిజం కాదు, ఎందుకంటే అన్‌సైన్డ్ సంఖ్య సున్నా కంటే తగ్గదు. తీసివేయకముందే పోల్చి చూసుకోవాలి, తీసివేశాక కాదు.

మరి గట్టి టైపులున్న భాష వాడితే సరిపోదా అంటారు. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ లేచిన 40 సెకన్లకే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యలోకి మార్చబోతే పట్టలేదు. మన మూడు క్వింటాళ్ల లెక్కలో దాటిన 32,767 హద్దే అది. ఆ ప్రోగ్రాం రాసింది టైపుల విషయంలో మహా కచ్చితమైన అడా భాషలో. ఏరియాన్-4కు రాసిన కోడును అలాగే తెచ్చి వాడారు. ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి కొన్ని మార్పిడులకు రక్షణ పెట్టలేదు, పాత రాకెట్ వేగంలో ఆ విలువ అంత పెరగదు కాబట్టి. కొత్త రాకెట్ వేగం వేరు. భాష కట్టుదిట్టంగా ఉన్నా, ఈ విలువ ఎక్కడిదాకా పెరగగలదో ఆలోచించే పని మనిషిది. సీ ఆ పనిని దాచిపెట్టదు, మొత్తం మన నెత్తినే పెడుతుంది. అందుకే సీని మొదటి భాషగా నేర్పడం ఇప్పటికీ విలువైన పని అని నా నమ్మకం. నేర్పే తీరు మారాలి.

నేర్పే తీరు అంటే ముందుగా టర్బో సీ గుర్తుకొస్తుంది. 1987లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన ఈ నీలం తెర ఆ కాలానికి గొప్ప పరికరం. అందులో రాసి, అందులోనే కంపైల్ చేసి, అందులోనే నడపవచ్చు. అయితే అది డాస్ కింద 16 బిట్ల యంత్రానికి చేసింది. విండోస్ మారిపోయాక కూడా డాస్‌బాక్స్ అనే అనుకరణ యంత్రంలో దూర్చి దాన్ని బతికించుకున్నాం. డాస్‌లో మెమరీకి కాపలా లేదు, ఏ ప్రోగ్రామైనా ఎక్కడైనా రాయవచ్చు. స్కాన్‌ఎఫ్‌లో అడ్రసు గుర్తు మరిచిపోయిన కుర్రాడికి ప్రోగ్రాం చాలాసార్లు నడిచినట్టే కనిపించేది. అంతా అయ్యాక కింద నల్ పాయింటర్ అసైన్‌మెంట్ అని ఒక లైను వచ్చేది. అదేమిటో ఎవరూ చెప్పకపోతే ఎంటర్ కొట్టి రికార్డు రాసుకునేవాడు. అదే తప్పు లినక్స్‌లో చేస్తే సాధారణంగా సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగుతుంది. అలా ఆగడమే పిల్లవాడికి మేలు.

సీని కట్టడిలో పెట్టే సంప్రదాయం కూడా బెల్ ల్యాబ్స్‌లోనే, సీ పుట్టిన కొద్ది ఏళ్లకే మొదలైంది. 1970ల చివర్లో స్టీఫెన్ జాన్సన్ లింట్ అనే పరికరం చేశాడు. కంపైలర్ వదిలేసే టైపు పొరపాట్లను అది వెతికి చూపించేది. అంటే సీని వాడిన మొదటి తరమే దాని చనువును నమ్మి ఊరుకోలేదు. 1989 ప్రమాణంలో ఫంక్షన్లకు ప్రోటోటైపులు వచ్చాయి. 1999 ప్రమాణం, టైపు రాయకపోతే ఇంట్ అనుకోవడం, ప్రకటించని ఫంక్షన్ ఇంట్ ఇస్తుందనుకోవడం రెండూ తీసేసింది. అయినా పాత కోడు పాడవుతుందని కంపైలర్లు పాతికేళ్లు వార్నింగులతో సరిపెట్టాయి. హెడర్ ఫైలు పెట్టకుండా, మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్‌ను పిలిచి, తిరిగొచ్చే 64 బిట్ల అడ్రసును 32 బిట్లకు నరికేసుకున్న ప్రోగ్రాములు ఆ సందులోంచి వచ్చినవే. 2024లో వచ్చిన జీసీసీ 14 చివరకు వీటిని ఎర్రర్లు చేసింది.

మన ల్యాబ్ రికార్డుల్లోని పాత ప్రోగ్రాములు ఈ కొత్త కంపైలర్‌లో చాలావరకు ఎక్కవు. కానియో హెడర్ లేదు, క్లియర్ స్క్రీన్ లేదు, హెడర్ లేకుండా పిలిచిన ఫంక్షన్లు చెల్లవు. ఇదంతా గొడవ అనుకుని మళ్లీ నీలం తెరకు పోయే మాస్టార్లున్నారు. ఆ ఎర్రర్లే మొదటి పాఠం కావాలి. డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా అనే ఆప్షన్లు పెట్టి కంపైల్ చేస్తే ఇప్పటి జీసీసీ ఫ్లోట్‌ను పర్సెంట్-డితో ముద్రిస్తున్నావని, సైన్డ్‌నూ అన్‌సైన్డ్‌నూ పోలుస్తున్నావని లైన్ నంబరుతో సహా చెబుతుంది. విలువలు రాలిపోయే మార్పిడుల కోసం డబ్ల్యూ-కన్వర్షన్ వేరేగా అడగాలి. ఇంట్ హద్దు దాటే లెక్కను నడుస్తుండగానే పట్టుకునే శానిటైజర్లున్నాయి. ఇవన్నీ ఉచితం. ల్యాబులో పెట్టడానికి ఒక పూట పని.

రస్ట్ లాంటి భాషలు వచ్చాయి, 2022 డిసెంబరులో కెర్నెల్ 6.1తో రస్ట్ లినక్స్‌లోకీ అడుగుపెట్టింది. మెమరీ హద్దుల తనిఖీని భాషే చూసుకునే రోజులివి. కొత్త పనులకు అవే వాడాలి, సందేహం లేదు. రెండో ఏడు విద్యార్థికి రస్ట్ నేర్పితే, అది ఎందుకు అన్ని ప్రశ్నలు వేస్తుందో సీలో చేయి కాలినవాడికి చప్పున తెలుస్తుంది. సీ పరీక్షలో వైవా అడిగేవాళ్లు మాత్రం ఇంట్‌కు ఎన్ని బైట్లు అన్న ప్రశ్నతో ఆగకూడదు. నీ ప్రోగ్రాంలోని ఈ వేరియబుల్ ఎంత దాకా పెరగగలదు, పెరిగితే ఏ లైన్ దగ్గర పట్టుకుంటావు అని అడిగి, కుర్రాడి చేతే తెర మీద చూపించమనాలి.